బుజ్జమ్మకి, ఐస్ ప్లాంటు కరెంటు గురించి

చిరంజీవి బుజ్జమ్మకి,

నాన్న ఆశీస్సులు. కంప్రెసర్‌కి డ్రైవ్, అంటే లోడుకి తగ్గట్టు మోటారు వేగం మార్చే పెట్టె, పెట్టిస్తే కరెంటు బాగా తగ్గుతుందని ఎవరో వచ్చి చెప్పారట, ఏం చేయమంటారని అడిగావు. లోడు పెరుగుతూ తగ్గుతూ ఉండేచోట డ్రైవ్ మంచిదే. కానీ కాకినాడలో సీజన్ మొదలైతే మన మిషను రాత్రీపగలూ ఫుల్ లోడులోనే నడుస్తుంది కదా, ఇక అది తగ్గించేదేముంటుంది? తొందరపడి అడ్వాన్సు ఇవ్వకు.

ముందు హెడ్ ప్రెషర్, అంటే కండెన్సర్‌లో గ్యాసు ఒత్తిడి, సంగతి చూడు. గ్యాసుని నీళ్లతో చల్లబరిచి ద్రవం చేసే ఆ కండెన్సర్‌లో వేడి ఒక్క డిగ్రీ దిగినా కరెంటు రెండు మూడు శాతం కలిసొస్తుంది. జూన్ 14 దాకా వేట నిషేధం, ప్లాంటు ఎలాగూ ఖాళీ. కండెన్సర్ పైపులకి కట్టిన గార గీకించు. ఆ తర్వాత లోపల చల్లదనానికి తిరిగే అమోనియాలో గాలి చేరిందేమో చూడాలి. మిషను కాసేపు నడిపించి కంప్రెసర్ ఆపెయ్యి, కండెన్సర్ మీద నీళ్లు మాత్రం పారనివ్వు. వచ్చే నీళ్లూ పోయే నీళ్లూ ఒకే వేడికి వచ్చాక ప్రెషర్ మీటరు చూడు. నీళ్లు 30 డిగ్రీలుంటే ముల్లు 155 పౌండ్ల (చదరపు అంగుళానికి) దగ్గర నిలవాలి. 170, 175 చూపిస్తోందంటే ఆ ఎక్కువంతా గాలే. మేస్త్రి పర్జ్ గొట్టాన్ని, అంటే గాలి బయటికి వదిలే గొట్టాన్ని, నీళ్ల బకెట్‌లో ముంచి వదుల్తాడు. గాలైతే బుడగలు పైకొస్తాయి, అమోనియా అయితే చిటపటమంటూ నీళ్లలోనే కలిసిపోతుంది. బుడగలు ఆగాక కట్టెయ్యమను. మాస్కు లేకుండా నువ్వు మాత్రం దగ్గరికి వెళ్లకు, చెప్తున్నా.

బ్రైన్‌ని, అంటే డబ్బాలు మునిగే ఉప్పునీటిని, చల్లబరిచే కాయిల్స్ అడుగున దిగిన ఆయిల్ తీయించు. ఉప్పు పలచబడితే కాయిల్ మీదే ఐసు పేరుకుంటుంది, అదీ చూడు. బ్రైన్ మైనస్ 10 దగ్గరుంటే చాలు. దిమ్మలు త్వరగా కట్టాలని మావాళ్లు ఇంకా కిందికి లాగుతారు, అది దండగ. బ్రైన్ తొట్టి మీద విరిగిన చెక్క మూతలు మార్చు.

ఇంకోటి. 30 డిగ్రీల నీళ్లని సున్నాకి దించడానికి కిలోకి 30 కిలో కేలరీలు, గడ్డ కట్టించడానికి 80. అంటే పనిలో పావు వంతుకు పైగా ఉత్త నీళ్లు చల్లబరచడమే. దిమ్మ ఊడటానికి డబ్బాలు ముంచే తొట్టిలో చల్లదనం ఊరికే పోతోంది. ఆ నీళ్లు డబ్బాల్లో పోయకు, బయట అంటిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. మంచినీటి పైపునే ఆ తొట్టిలో చుట్టలు తిప్పించి తీసుకెళ్లు. నీళ్లు చల్లబడతాయి, దిమ్మా తేలిగ్గా ఊడుతుంది.

బిల్లు మొత్తం చూసి టెన్షన్ పడకు. వేట మొదలయ్యాక ఒక నెల, టన్ను ఐసుకి ఎన్ని యూనిట్లు అయ్యాయో రోజూ పుస్తకంలో రాయించి ఫోటో పెట్టు. డ్రైవ్ సంగతి అప్పుడు మాట్లాడదాం.

నాన్న