డబుల్స్ అంటే దిగులెందుకు బావా

ఒరే బావా,

నీ మెసేజ్ చూశాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. "కోచ్ పిల్లని బ్యాడ్మింటన్‌లో సింగిల్స్ తగ్గించి డబుల్స్ ఆడమంటున్నాడు. అంటే సింగిల్స్‌కి పనికిరాదని చెప్పినట్టే కదా" అన్నావు. ఆ రెండో మాట దగ్గరే ఆగిపోయాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదిది, అందుకే కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు, చెల్లాయికి కూడా చదివి వినిపించు.

నీ ఒక్కడి తప్పని అనను. మన దగ్గర చాలా ఏళ్లు అందరూ అలాగే అనుకున్నారు, ఒంటరిగా నెగ్గుకురాలేనివాళ్లు డబుల్స్‌లో చేరతారని. కానీ లెక్క చూడు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మన దేశానికి తొలి పతకం 1983లో వచ్చింది, ప్రకాశ్ పడుకోణ్ తెచ్చిన కాంస్యం. రెండోది ఎప్పుడొచ్చిందో తెలుసా? 28 ఏళ్ల తర్వాత, 2011లో లండన్‌లో. తెచ్చింది మన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప. డబుల్స్‌లో! సింధు మొదటి పతకం కూడా ఆ తర్వాత రెండేళ్లకే. ఇంత జరిగినా మనం ఇంకా డబుల్స్‌ని రెండో పీట మీదే కూర్చోబెడుతున్నాం. ఇది తల్చుకుంటే నాకు బాధేస్తుంది.

ఇక మన డబుల్స్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ సంగతి. 2000లో అమలాపురంలో పుట్టాడు. నాన్న కాశీ విశ్వనాథ్ గారు పీఈటీ మాస్టారు. 2014లో పిల్లాణ్ణి హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీకి పంపారు. ముంబై నుంచి వచ్చిన చిరాగ్ శెట్టితో జోడీ కట్టించింది మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్. ఇక్కడ నువ్వు గమనించాల్సిన ముక్క ఒకటుంది. అప్పటికి ఇద్దరూ వెనక నుంచి బాదేవాళ్లే. డబుల్స్‌లో ఇద్దరూ వెనకే ఉంటే ముందు నెట్ దగ్గర ఎవరు చూస్తారు? ఒకరు ముందుకి రావాలి, తన ఆట మార్చుకోవాలి. ఎక్కువగా ముందుకొచ్చింది చిరాగ్. 2023లో జపాన్‌లో సాత్విక్ కొట్టిన స్మాష్, అదే పైనుంచి కిందకి బాదే దెబ్బ, గంటకి 565 కిలోమీటర్లని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు, మనమంతా చప్పట్లు కొట్టాం. కొట్టాల్సిందే. కానీ మ్యాచ్‌లో అలాంటి స్మాష్ పడాలంటే ముందు కాక్ (ఈకల షటిల్) పైకి లేవాలి కదా. నెట్ దగ్గర నిలబడి, అవతలివాళ్లు ఎత్తి కొట్టక తప్పని పరిస్థితి తెచ్చేది ముందున్నవాడే. ఆ పనికి కిలోమీటర్ల లెక్క ఉండదు.

డబుల్స్‌లో సర్వీస్ ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా? ఈసారి కోర్టు పక్కన కూర్చుని అదొక్కటే చూడు. సర్వ్ చేసే మనిషి ఈకల అంచుని రెండు వేళ్లతో పట్టుకుని, బ్యాక్‌హ్యాండ్‌తో కాక్‌ని మెల్లగా తోస్తాడు, కొట్టడు. నేల నుంచి 1.15 మీటర్ల కంటే పైన తగలకూడదు. నెట్ మీది తెల్ల పట్టీకి వేలెడు పైనుంచి జారి అవతల పడాలి. అదే నాలుగు వేళ్లెత్తు లేచిందా, అవతలివాడు ఒక్క అంగలో మీదికొచ్చి గుండెల మీదకి కొడతాడు. అందుకే ఆ ఒక్క క్షణం హాలంతా నిశ్శబ్దం. వెనక భాగస్వామి మోకాళ్లు వంచి, రాకెట్ ఎత్తిపెట్టి కాచుకుని ఉంటాడు. సర్వ్, దానికి జవాబు, ఆ తర్వాత మూడో షాట్, చాలా పాయింట్లు ఇంతలోనే తేలిపోతాయి. సింగిల్స్‌లో ఓపిగ్గా ర్యాలీ కట్టుకుంటూ పోవచ్చు. ఇక్కడ ఆలోచించే టైమ్ ఉండదు, ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

మన కాలేజీ ఫైనల్ గుర్తుందా? 19-19 దగ్గర ఇద్దరి మధ్యలోంచి కాక్ వెళ్లింది. నువ్వు నాదనుకున్నావు, నేను నీదనుకున్నా. తర్వాతి పాయింట్ కూడా పోయింది. బస్సులో తిరిగొచ్చేదాకా మనిద్దరికీ మాటల్లేవు. ఇన్నేళ్లయినా ఆ కాక్ పడిన చోటు నాకు కనిపిస్తూనే ఉంటుంది. ఓడిపోయినందుకు కాదు బావా, మధ్యలో పడేది ఎవరిదని మనం ముందెప్పుడూ మాట్లాడుకోలేదు చూడు, అందుకు. పెద్ద స్థాయిలో ఆడేవాళ్లకి ఇదే రోజూ చేసే ప్రాక్టీసు.

కష్టాలు దాచను. డబుల్స్ కెరీర్‌లో సగం నీ చేతిలో ఉండదు. 2025 మొదట్లో ఏమైందో చూడు. ఫిబ్రవరిలో సాత్విక్ వాళ్ల నాన్న గుండెపోటుతో పోయారు. మార్చిలో ఆ దుఃఖంతోనే బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ ఆడటానికి వెళ్లాడు. రెండో రౌండ్ మధ్యలో చిరాగ్‌కి నడుం పట్టేసింది. ఒకరికి దెబ్బ తగిలితే ఇద్దరూ బ్యాగులు సర్దుకోవాల్సిందే. ర్యాంకు కూడా మనిషికి కాదు, జోడీకి. భాగస్వామి మారితే ప్రపంచ ర్యాంకింగ్‌లో కొత్త జోడీగా మళ్లీ కింద నుంచి ఎక్కాలి. డబ్బు సంగతీ చెప్పాలి కదా: పెద్ద టోర్నీల్లో గెలిచిన జోడీకి ఇచ్చేది సింగిల్స్ విజేతకి ఇచ్చేదానికంటే కొంచెమే ఎక్కువ. ఇద్దరూ పంచుకుంటే మనిషికి సగం పైచిలుకు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం, కానీ ఉన్న సంగతి నీకు తెలియాలి.

ఇంకా గుండె చెరువైపోయేది సాత్విక్, చిరాగ్‌ల టోక్యో ఒలింపిక్స్ కథ. గ్రూపులో మూడు మ్యాచ్‌లకి రెండు గెలిచారు. వాటిలో ఒకటి తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చి-లిన్ మీద, మూడో గేమ్ 27-25. మూడు జోడీలకీ రెండేసి విజయాలు వచ్చేసరికి గెలిచిన గేమ్‌లు, పోయిన గేమ్‌లు లెక్కేశారు. మనవాళ్లు ఇంటికి, తైవాన్ వాళ్లు క్వార్టర్స్‌కి. అక్కణ్ణుంచి వాళ్లు బంగారం దాకా వెళ్లారు! నేనైతే రాకెట్ మూలన పెట్టేసేవాణ్ణి. వీళ్లు ఏం చేశారు? మరుసటి ఏడాది, 2022లో, మగవాళ్ల జట్ల ప్రపంచ పోటీ థామస్ కప్ ఫైనల్. ఐదు మ్యాచ్‌ల్లో రెండు డబుల్స్ ఉంటాయి కదా, మన జట్టు చిరకాలం వెనకబడింది అక్కడే. లక్ష్య సేన్ మొదటిది గెలిచాడు. రెండోదానికి వీళ్లు దిగి, మొదటి గేమ్ పోగొట్టుకుని, రెండో గేమ్‌లో మ్యాచ్ పాయింట్లు కాచుకుని, 18-21, 23-21, 21-19తో ఇండోనేసియా జోడీని ఓడించారు. తర్వాత శ్రీకాంత్ పని పూర్తి చేశాడు. 1949లో మొదలైన కప్పు మనకి రావడం అదే మొదటిసారి. ఆ రోజు నువ్వు నాకు ఫోన్ చేసి ఏడ్చావు, మర్చిపోయావా?

ఆ తర్వాతవి గబగబా చెప్పేస్తా, నీకు తెలిసినవే: అదే ఏడాది కామన్వెల్త్ బంగారం, ప్రపంచ కాంస్యం, 2023లో ఇండోనేసియా ఓపెన్, హాంగ్‌జౌ ఆసియా క్రీడల బంగారం, అక్టోబర్‌లో ప్రపంచ నంబర్ వన్. పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మలేసియా జోడీ ఆరన్ చియా, సో వూయ్ యిక్ చేతిలో, మొదటి గేమ్ గెలిచి మరీ ఓడారు. ఏడాది తర్వాత అదే పారిస్, అదే హాలు, అవే క్వార్టర్స్, అదే జోడీ. ఈసారి ప్రపంచ చాంపియన్‌షిప్. గెలిచి కాంస్యం ఖాయం చేసుకున్నారు. నడుం పట్టేసి బర్మింగ్‌హామ్‌లో ఆగిపోయింది అదే ఏడాదే కదా!

ఇంకో మాట, నీకు ధైర్యం చెప్పేది. ఈ కెరీర్ ఎక్కువ కాలం నిలుస్తుంది. కోర్టు సగం సగం పంచుకుంటారు, అనుభవానికి విలువ ఎక్కువ. ఇండోనేసియా హెండ్రా సెతియావాన్‌నే తీసుకో. 2008లో మార్కిస్ కిడోతో ఒలింపిక్ బంగారం, తర్వాత మొహమ్మద్ అహ్‌సాన్‌తో మూడుసార్లు ప్రపంచ చాంపియన్. రిటైరయ్యేసరికి నలభై ఏళ్లు. చివరిదాకా నెట్ దగ్గర చిన్న చిన్న టచ్‌లతో కుర్రాళ్లని తికమకపెట్టాడు.

అసలు సంగతికి వస్తా. నువ్వు మొన్న పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. నువ్వు దాని స్మాష్ బయటికి పోయిందని బాధపడుతూ పంపావు. నేను చూసింది వేరే. మొదటి నిమిషం అయిపోవస్తుండగా దాని జోడీ, ఆ రెండో అమ్మాయి, వెనక నుంచి కొట్టడానికి ఎగిరింది చూడు. కాక్ దాని రాకెట్‌కి తగలకముందే మన పిల్ల రెండడుగులు ముందుకేసి, షార్ట్ సర్వీస్ గీత దగ్గర రాకెట్ మొహం ఎత్తులో పెట్టుకుని నిలబడి ఉంది. తిరిగొచ్చిన కాక్‌ని కొట్టలేదు, ఊరికే అడ్డం పెట్టింది. పాయింట్ వచ్చేసింది. వెనక్కి తిరిగి చూడకుండానే భాగస్వామి ఎక్కడుందో దానికి తెలుసు. కోచ్ చూసింది అదే అయి ఉంటుంది.

రేపు వెళ్లి ఆయన్ని అడుగు, జోడీ ఎవరితో, ఎంతకాలం కలిపి ఆడిస్తారు, పిల్లని ముందు నిలబెడతారా వెనకా అని. సింగిల్స్ ప్రాక్టీసు ఒక్కసారిగా మానిపించొద్దని నా మాటగా చెప్పు. కాళ్లకి ఆ కసరత్తు ఇంకొన్నేళ్లు కావాలి. ఆ రెండో అమ్మాయిని ఓ రోజు ఇంటికి భోజనానికి పిలవండి. ముఖ్యంగా దాని ముందు "పనికిరావు" అనే మాట మళ్లీ అనకు.

నెలాఖరు ఆదివారం మ్యాచ్ ఉందన్నావుగా, నేనొస్తున్నా. కోర్టు పొడవునా పక్కన కాదు, వెనక వైపు కూర్చుందాం. ఇద్దరూ ఎలా కదులుతున్నారో అక్కణ్ణుంచే బాగా కనిపిస్తుంది.

నీ
బావ