న్యాయ కళాశాల న్యాయ సహాయ సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, ప్రిన్సిపల్ గారికి, సీనియర్ న్యాయవాదులకు, విద్యార్థులకు నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే, నేరుగా పనుల్లోకి వస్తాను.

దళితవాడల్లో శిబిరాలు ఈ ఏడాది ఎక్కువగా నెలనెలా 30వ తేదీన జరిగే పౌర హక్కుల దినం రోజునే పెట్టాం. ఆ రోజు అధికారులు కూడా ఊరికి రావాలి కాబట్టి పని అక్కడికక్కడే తేలుతుందనుకున్నాం. కొన్నిచోట్ల తేలింది. కొన్నిచోట్ల కూలి మానుకొని వచ్చిన జనం మధ్యాహ్నం దాకా ఎదురుచూశారు, రావలసినవారు రాలేదు. అట్రాసిటీ కేసుల మీద, అంటే ఎస్సీ, ఎస్టీలపై జరిగే అఘాయిత్యాల కేసుల మీద, జిల్లా నిఘా కమిటీ 3 నెలలకోసారి సమావేశం కావాలని నిబంధన ఉంది. అదెప్పుడు జరుగుతుందో చెప్పమని ఇచ్చిన అర్జీకి ఇంతవరకు జవాబు లేదు. ఇది చాలా బాధ కలిగించే విషయం.

ఆగస్టు 6న విద్యార్థులను చుండూరు తీసుకెళ్లడం మనందరం గర్వపడే పని. 1991లో 8 మంది దళితులను చంపిన ఊరది. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. హతులను సమాధి చేసిన రక్తక్షేత్రం దగ్గర నివాళి అర్పించి వస్తూ పిల్లలు బస్సులో ఒకటే చర్చ: కోర్టు ఊళ్లో లేని బాధితులు వాయిదాలకు ఎలా తిరుగుతున్నారు?

ఆ చర్చే ఏడాదంతా చేతినిండా పని పెట్టింది. అట్రాసిటీ చట్టం కింద 1995లో వచ్చిన నియమాల్లో 11వది చూడండి. బాధితులకు, సాక్షులకు రానుపోను చార్జీలు ఇవ్వాలి. పోగొట్టుకున్న రోజుకు వ్యవసాయ కూలీల కనీస వేతనానికి తగ్గకుండా భత్యం ఇవ్వాలి. మహిళలకు, 60 దాటినవారికి తోడొచ్చిన మనిషి ఖర్చు కూడా ఇవ్వాలి. అదీ 3 రోజుల్లోపు. అడిగేవాళ్లు లేక ఇది కాగితం మీదే ఉండిపోతోంది. మిరప కోతలకు వెళ్లే ఒక పెద్దావిడ ప్రతి వాయిదా బస్సు టికెట్లూ పాత మందుల కవర్లో దాచుకున్నారు. ఎందుకమ్మా అంటే, "ఎవరన్నా అడుగుతారేమోనని" అన్నారు. మన మూడో సంవత్సరం విద్యార్థినులు నేల మీద కూర్చొని ఆ టికెట్లను తేదీలవారీగా తెల్లకాగితాలకు అంటించి, ఆవిడ పేరున, తోడెళ్లిన కోడలి పేరున అర్జీలు రాశారు. డబ్బు రావడానికి నెలలు పట్టింది, కానీ వచ్చింది. ఆ అమ్మాయిలను సభ నిలబడి అభినందించాలని కోరుతున్నాను.

శిబిరాలకు చాపలు, మంచినీళ్లు సర్దిన యువజన సంఘాలకు, చర్చి హాలు ఇచ్చిన పాస్టరు గారికి, ఫీజు తీసుకోకుండా కాగితాలు చూసిపెట్టిన సీనియర్లకు, జిరాక్స్ ఖర్చు భరించిన పూర్వ విద్యార్థులకు, సెలవు రోజుల్లోనూ లైబ్రరీ తెరిచిన సిబ్బందికి పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ అయిపోయింది, చిన్న మిగులు ఉంది.

ఒక మాట గట్టిగానే చెప్పాలి. శిబిరం రోజు ఫొటోల్లో అందరూ ఉంటారు, వాయిదా రోజు ఆ నలుగురే వస్తారు. వస్తామని గ్రూపులో పెట్టి ఫోన్ ఎత్తకపోతే, కోర్టు వరండాలో ఒంటరిగా నిలబడేది మనం కాదు, ఆ సాక్షి. ఎన్‌రోల్ అయిన యువ న్యాయవాదులు నెలకు ఒక్క రోజు ఇచ్చినా సరిపోతుంది. సభ ముగిసేలోపు పేర్లు రాయించండి, వచ్చే నెల వాయిదాల పట్టిక ఆ పేర్లతోనే వేస్తాం.

కార్యదర్శి