టిక్కు పెట్టింది మనవరాలు, మెసేజీ చదివింది తాతగారు

సంపాదకులకు నమస్కారం.

నేను బీఫార్మసీ చదివి, భీమవరంలో మందుల షాపు నడుపుతున్నాను. యాప్‌లలో ఉన్నట్టుండి వచ్చే సర్వేల గురించి, అందులోనూ మందుల యాప్‌లు అడిగే ప్రశ్నల గురించి ఈ ఉత్తరం.

మా అక్కావాళ్లింట్లో మందులన్నీ అక్క మామగారి ఫోన్ నుంచే ఆర్డరు పెడతారు. పెట్టేది మా అక్క కూతురు, ఇంటర్ సెకండియర్ చదువుతోంది. ఒకసారి తాతగారి బీపీ మాత్రలకు డబ్బు కట్టగానే, ఆర్డరు వివరాలు ఇంకా కనపడకముందే స్క్రీన్ నిండా ఒక సర్వే వచ్చింది. మీకు పనికొచ్చే ఆఫర్లు పంపడానికి అని పైన రాసి ఉంది. మొదటి ప్రశ్నలు మామూలువే: డెలివరీ టైముకి వస్తోందా, ఎన్ని స్టార్లు ఇస్తారు అని. ఆ తర్వాతది, మీ ఇంట్లో ఎవరికైనా ఇవి ఉన్నాయా అని. కింద వరుసగా షుగరు, బీపీ, థైరాయిడ్, పీసీఓడీ (ఆడవాళ్లలో నెలసరి తప్పించే అండాశయాల సమస్య), గర్భం. వద్దనుకునేవాళ్లు దాటేసే బటన్ ఉంది గానీ, పై మూలన లేత బూడిద రంగులో ఉంది. పిల్ల అది చూడలేదు. ఉన్నది ఉన్నట్టు టిక్కులు పెట్టేసింది.

ఇక మెసేజీలు మొదలయ్యాయి. నెలసరి సరిగ్గా రావడం లేదా, పీసీఓడీకి ఈ పొడి వాడండి, ఈ టీ తాగండి అని. అన్నీ తాతగారి ఫోన్‌కే. వరండాలో చుట్టాలు కూర్చుని ఉండగా ఆయన ఒకటి పైకి చదివి, ‘ఇదేంటమ్మా?’ అని పిల్లనే అడిగారు. పాపం ఆయనకేం తెలుసు? ఆ పిల్ల మాత్రం చాలా రోజులు ఆయన ఎదుటపడలేదు.

ఒక ఫోన్ అంటే ఒక మనిషి అనుకుని కంపెనీలు ఈ పర్సనలైజ్డ్ ఆఫర్లు తయారుచేస్తాయి. మన ఇళ్లలో అది కుదరదు. నంబరు మామగారిది, ఆర్డరు పెట్టేది కోడలో మనవరాలో, ఓటీపీ చెప్పేది ఇంకొకరు. ఎవరి సంగతి ఎవరి చేతిలో తేలుతుందో ఆ ప్రశ్న రాసినవాళ్లు ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది.

సర్వేలే వద్దని నేననను. మన సెర్చులు చూసి చాటుగా ఊహించుకోవడం కంటే ఎదురుగా అడగడమే నయం. కౌంటర్ దగ్గర నేనూ రోజంతా అడుగుతూనే ఉంటాను. స్ట్రిప్పు మొత్తం ఇవ్వనా, పది మాత్రలు చాలా? ఇదే మందు జనరిక్‌లో తక్కువకి వస్తుంది, ఇమ్మంటారా? మాత్ర మింగలేకపోతే సిరప్ ఉందేమో చూడనా? జవాబు చెప్పిన నిమిషంలోనే ఆ మనిషికి మేలు జరుగుతుంది. యాప్ కూడా మెసేజీలు తెలుగులో పంపాలా, మందులు అయిపోయే ముందు గుర్తు చేయాలా అని అడిగితే సంతోషంగా చెబుతాం. ఇంట్లో జబ్బుల జాబితా అడగడం వేరు. అది మనకు సరుకు అమ్మడానికి. మందు చీటీ చేతిలో ఉన్నా, పక్కవాళ్లకి వినపడేలా నేను మందు పేరు చదవను. మా పనిలో అది కనీస మర్యాద.

చట్టం లేక కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, ఏ పనికోసం అడుగుతున్నారో స్పష్టంగా చెప్పి, ఆ పనికి అవసరమైనంత సమాచారమే తీసుకోవాలి. ఇచ్చిన అనుమతిని ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. ఏం తీసుకుంటున్నారో, ఎందుకో చెప్పే నోటీసును తెలుగులోనూ చదువుకునే అవకాశం ఇవ్వాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు గురిపెట్టి ప్రకటనలు పంపడం కుదరదు. ఖాతా తాతగారి పేరు మీద ఉంది, అడిగింది పెద్దాయన్నే అనుకున్నాం అని కంపెనీ అనొచ్చు. ఫోన్ ఎవరి చేతిలో ఉందో తెలియనప్పుడు అసలు అడగకూడని ప్రశ్న అది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి గానీ, సంస్థలు పాటించాల్సిన ముఖ్యమైన వాటికి 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా. అప్పటిదాకా ఆగాలని చట్టంలో ఎక్కడా లేదు, ఇప్పుడే మార్చుకోవచ్చు.

వద్దన్నా మళ్లీ మళ్లీ అడిగి విసిగించడం, బటన్లను కనపడకుండా పెట్టడం లాంటివాటిని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులోనే తప్పుడు పద్ధతుల జాబితాలో చేర్చింది. ఇలాంటివి ఎదురైతే ఆ స్క్రీన్ ఫొటో దాచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మా షాపుకి వచ్చేవాళ్లలో ఈ నంబరు తెలిసినవాళ్లు నాకింతవరకు కనపడలేదు. మీరు మొదటి పేజీలో వేస్తే పదిమందికీ తెలుస్తుంది.

మీ పత్రిక యాప్ కూడా ఏ వార్తలు ఇష్టం, ఏ ఊరు, వయసెంత అని అడుగుతోంది. ఆ జవాబులు వార్తలు చూపించడానికేనా, ప్రకటనలవాళ్లకి కూడా ఇస్తారా? ఈ ఉత్తరం కింద ఒక్క వాక్యంలో జవాబు వేయండి.

– ఒక ఫార్మసిస్టు, భీమవరం