మంత్రి గారూ, నష్టం లెక్క కూడా అంకెల్లో అడగండి

గౌరవనీయులైన ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

సహజ వాయువు బావులకు అనుమతి కోరుతూ వచ్చే ఫైల్లో లాభాల పేజీలు అంకెలతో నిండి ఉంటాయి. రోజుకు ఇన్ని ఘనపు మీటర్లు, ఏటా ఇంత రాయల్టీ, ఇంతమందికి పని. నష్టాల పేజీకి వచ్చేసరికి అంకెలు పోయి మాటలు మిగులుతాయి. ‘స్వల్పం’, ‘తాత్కాలికం’, ‘తగిన జాగ్రత్తలతో నివారించవచ్చు’. ఒక పక్క అంకెలు, ఇంకో పక్క మాటలు పెట్టి తూస్తే ఏ పక్క మొగ్గుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. నష్టాన్ని కూడా కొలిచి, అంకెల్లో రాసి ఇవ్వనిదే సంతకం పెట్టవద్దని కోరడానికే ఈ లేఖ.

గ్యాస్ తవ్వకమే వద్దనడం నా ఉద్దేశం కాదు. బొగ్గు స్థానంలో గ్యాస్‌తో కరెంటు తీస్తే యూనిట్‌కు వెలువడే కార్బన్ డయాక్సైడ్ దాదాపు సగానికి తగ్గుతుంది. బూడిద ఉండదు, గంధకపు పొగ దాదాపు ఉండదు. గాలిమరలు ఆగినా, పొద్దు వాలి సౌర విద్యుత్తు పడిపోయినా నిమిషాల్లో అందుకోగలిగేది గ్యాస్ టర్బైనే. పొలాలకు వేసే నత్రజని ఎరువుల్లో అధిక భాగం గ్యాస్ నుంచి తీసిన హైడ్రోజన్‌తోనే తయారవుతోంది. ఇక వంటింటి సంగతి. కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరోసిన్‌తో వండుకునే ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగలో కూర్చున్న తల్లికి గ్యాస్ పొయ్యి చేసే మేలు ఎంతటిదో తెలిసినవారెవరూ గ్యాస్‌ను ఒక్క మాటతో తీసిపారేయలేరు.

అయితే ఆ మేలంతా గ్యాస్ పొయ్యి దాకా, టర్బైన్ దాకా చేరితేనే. దారిలో కారిపోతే లెక్క తిరగబడుతుంది. సహజ వాయువులో ముఖ్యమైనది మీథేన్. గాల్లో కలిసిన తర్వాత 20 ఏళ్ల కాలంలో అది అదే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. తీసిన గ్యాస్‌లో సుమారు మూడు శాతం కారిపోతే చాలు, బొగ్గు మీద దానికున్న ఆధిక్యం దగ్గరి దశాబ్దాల్లో పోయినట్టేనని శాస్త్రజ్ఞుల లెక్క. అమెరికాలో క్షేత్రస్థాయి కొలతలతో 2018లో వెలువడిన అధ్యయనం ఆ లీకు 2.3 శాతమని తేల్చింది. అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ అంచనా కంటే ఇది 60 శాతం దాకా ఎక్కువ. అంత తేడా ఎందుకొచ్చింది? కాగితం మీది అంచనా అంటే వాల్వుకు ఇంత, కంప్రెసర్‌కు ఇంత అని పట్టిక చూసి గుణించడమే. ట్యాంకు మీద ఎవరో మూయడం మరిచిన మూత ఆ పట్టికలో ఉండదు. అసలు లీకులో పెద్ద వాటా అలాంటి కొన్ని చోట్ల నుంచే వస్తుంది. అక్కడికి పరికరం పట్టుకుని వెళ్లి కొలవాలి, తవ్విన కంపెనీ జీతం తీసుకోని మనిషి కొలవాలి.

నీళ్ల విషయం మరికాస్త వివరంగా చెప్పనివ్వండి. చర్చంతా రాతి పొరల్ని పగలగొట్టే ఫ్రాకింగ్ చుట్టూ తిరుగుతోంది గానీ, తాగునీటి బావుల్లోకి గ్యాస్ చేరిందని తేలినచోట ఎక్కువగా బయటపడింది గ్యాస్ బావి కట్టుబడిలోని లోపమే. రంధ్రం తవ్వాక అందులోకి కేసింగ్ అనే ఉక్కు గొట్టాన్ని దించుతారు. సిమెంటు కలిపిన చిక్కటి ద్రవాన్ని గొట్టం లోపలి నుంచి కిందికి పంపితే, అది అడుగుదాకా వెళ్లి, గొట్టానికీ రాతి గోడకూ మధ్యనున్న సందులోంచి పైకి ఎక్కి గట్టిపడుతుంది. ఆ సందు వెడల్పు కొద్ది సెంటీమీటర్లే. పైనున్న భూగర్భ జలానికీ, అడుగున ఒత్తిడితో ఉన్న గ్యాస్‌కూ మధ్య ఈ రంధ్రం పొడవునా కాపలా ఉండేది ఆ ఉక్కూ, ఆ సిమెంటూ మాత్రమే. తవ్వేటప్పుడు రంధ్రంలోకి పంపే డ్రిల్లింగ్ బురద గోడకు అంటుకుని ఉండిపోయినా, గొట్టం ఒక పక్కకు ఒరిగినా, గట్టిపడేటప్పుడు సిమెంటు కుంచించుకుపోయినా వెంట్రుకవాసి దారి ఏర్పడుతుంది. గ్యాస్‌కు అది చాలు. సిమెంటు సరిగ్గా పట్టిందో లేదో ధ్వని తరంగాలతో చూసే పరీక్ష ఉంది, బాండ్ లాగ్ అంటారు. ఆ నివేదిక కంపెనీ బీరువాలో ఎందుకుండాలి? ఆ నీళ్లు తాగేవారికి దాన్ని చూసే హక్కు లేదా?

ఇంకో మాట. కొన్ని ప్రాంతాల్లో తవ్వకానికి ముందు నుంచే నీళ్లలో మీథేన్ ఉంటుంది. అందుకే తగాదా వచ్చినప్పుడు ‘ఇది మొదటినుంచీ ఉన్నదే’ అని కంపెనీ అంటుంది, ‘కాదు’ అని నిరూపించడానికి ఊరివాళ్ల దగ్గర ఏమీ ఉండదు. రిగ్గు, అంటే తవ్వే యంత్రం, రాకముందే చుట్టుపక్కల బావుల నీళ్లు పరీక్షించి పెట్టుకుంటే ఈ వాదనే పుట్టదు. పైపొరల్లో సూక్ష్మజీవుల వల్ల పుట్టిన వాయువులో ఈథేన్ అనే మరో వాయువు దాదాపు ఉండదు, లోతైన పొరల నుంచి వచ్చినదాంట్లో ఉంటుంది. ఏది ఎక్కడిదో ప్రయోగశాల చెప్పగలదు. కాకపోతే పోల్చి చూడటానికి పాత నమూనా ఉండాలి.

భూమి కింద ఒత్తిడి తగ్గితే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ చూపించింది. 1959లో కనుగొన్న ఆ క్షేత్రం ప్రపంచంలోని అతిపెద్ద గ్యాస్ నిక్షేపాల్లో ఒకటి. దాని నుంచి ఆ ప్రభుత్వానికి దశాబ్దాల పాటు వచ్చిన ఆదాయం సుమారు 36,300 కోట్ల యూరోలు. గ్యాస్ తీసేకొద్దీ ఇసుకరాయి పొర కుంగింది, పాత పగుళ్లు కదిలాయి. 2012 ఆగస్టు 16న అక్కడి హౌజింగె అనే ఊరి దగ్గర 3.6 తీవ్రతతో భూమి కంపించింది. అంకె చిన్నదే గానీ కేవలం మూడు కిలోమీటర్ల లోతున పుట్టిన కంపం కావడంతో ఇళ్ల గోడలు బీటలు వారాయి. ఉత్పత్తిని వీలైనంత త్వరగా తగ్గించమని గనుల పర్యవేక్షణ సంస్థ 2013 జనవరిలోనే సలహా ఇచ్చింది. ఆ ఏడాది ఏం జరిగిందో గమనించండి. ఉత్పత్తి తగ్గకపోగా సుమారు 5,400 కోట్ల ఘనపు మీటర్లకు పెరిగింది! ఆ నిర్ణయం కూడా మీలాంటి ఒక మంత్రి కార్యాలయంలోనే జరిగింది. చివరికి 2023 అక్టోబరులో క్షేత్రాన్ని ఆపేశారు. గ్రోనింగెన్ ప్రజల ప్రయోజనాలను ఏళ్ల తరబడి పట్టించుకోలేదని అదే ఏడాది పార్లమెంటరీ విచారణ తేల్చింది. హెచ్చరిక అందినా ఆదాయం లెక్క దాన్ని మింగేసింది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

బ్లోఅవుట్ల గురించి, అంటే బావి అదుపు తప్పి గ్యాస్ ఎగదన్నడం గురించి, ఎక్కువ చెప్పను. 1995లో కోనసీమలోని పాశర్లపూడి గ్యాస్ బావి మంట 65 రోజులు మండింది. 2020లో అస్సాంలోని బాగ్‌జాన్ బావి మే నెలలో అదుపు తప్పితే నవంబరుకు గానీ పూర్తిగా కట్టడి కాలేదు. ఇవి అరుదు, నిజమే. అరుదైనదానికి కూడా ఖాళీ చేయించే ప్రణాళిక ఉండాలి, అది ఊరివాళ్లకు తెలిసి ఉండాలి.

ఫైళ్లలో దాదాపు ఎప్పుడూ కనబడనిది బావి ముసలితనం. గ్యాస్ అయిపోయాక బావిని సిమెంటు బిరడాలతో మూయాలి, ఆ తర్వాత కూడా కనిపెట్టి ఉండాలి. సాధారణంగా జరిగేదేమిటంటే, రాబడి తగ్గగానే పెద్ద కంపెనీ చిన్న కంపెనీకి అమ్ముతుంది, అది ఇంకా చిన్నదానికి అమ్ముతుంది, ఆఖరిది దివాలా తీస్తుంది. అమెరికాలో యజమాని లేని చమురు, గ్యాస్ బావుల్ని మూయడానికి 2021 చట్టం 470 కోట్ల డాలర్ల ప్రజాధనాన్ని కేటాయించాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలోని అలిసో కాన్యన్‌లో 1953లో తవ్వి, తర్వాత గ్యాస్ నిల్వకు మార్చిన బావి కేసింగ్ తుప్పు పట్టి 2015 అక్టోబరులో తెగింది. నాలుగు నెలలకు దగ్గరగా సుమారు లక్ష టన్నుల మీథేన్ గాల్లో కలిసింది, వేల కుటుంబాలు ఇళ్లు వదిలి వెళ్లాయి. తవ్వినవారి తరం దాటాక ముంచుకొచ్చే ఖర్చు ఇది. అందుకని బావి మూసే సొమ్మంతా మొదటి గ్యాస్ అమ్మకముందే డిపాజిట్‌గా కట్టించండి. బావి చేతులు మారితే డిపాజిట్ కూడా దానితోపాటే మారాలి. అంత కడితే గిట్టుబాటు కాదని ఎవరైనా అంటే, ఆ బావి లాభసాటి కాదని వాళ్లే ఒప్పుకున్నట్టు.

కఠిన నిబంధనలు పెడితే పెట్టుబడులు పారిపోతాయని మీకు చెప్పేవారుంటారు. నార్వే 1970ల తొలినాళ్ల నుంచే వృథాగా గ్యాస్ తగలబెట్టడాన్ని నిషేధించింది, 1991లో సముద్రంలోని చమురు, గ్యాస్ ఉత్పత్తి మీద కార్బన్ పన్ను వేసింది. అయినా ఆ దేశం నేటికీ యూరప్‌కు ప్రధాన గ్యాస్ సరఫరాదారుల్లో ఒకటి.

మంత్రి గారూ, రిగ్గు దిగకముందే నీటి పరీక్షలు, ప్రతి బావి సిమెంటు నివేదికా బహిరంగం, స్వతంత్ర సంస్థతో మీథేన్ కొలత, మూసివేతకు ముందస్తు డిపాజిట్. వీటిని మీ అనుమతి పత్రం నమూనాలోనే షరతులుగా చేర్చండి. కొత్త బావుల దాకా ఆగనవసరం లేదు. ఇప్పటికే తవ్విన బావుల సిమెంటు పరీక్షల నివేదికలు తెప్పించి, ఏ బావిది ఉంది, ఏ బావిది లేదు అన్న జాబితాను ముందుగా ప్రజల ముందు పెట్టండి.

ఇట్లు,
ఒక పౌరుడు