ఏలీయాకు ముందు రొట్టె పెట్టారు

గుంటూరు

ప్రియ మిత్రునికి వందనాలు.

మనస్తత్వశాస్త్రం చదివినవాడు మనస్ఫూర్తిగా ప్రార్థన చేయగలడా అని కిందటి ఉత్తరంలో అడిగావు. చేయగలడు, నేను చేస్తున్నాను. అయితే ఇంతటితో ముగిస్తే నీకు జవాబు చెప్పినట్టు కాదు గనుక, కొంచెం పొడుగైనా ఓపిక పట్టి చదువు.

మా సంఘంలో ఒక సోదరి కాన్పు అయిన తరువాత నిద్ర కరువై, బిడ్డను ఎత్తుకోవాలన్న ఆశ కూడా లేక కుమిలిపోయింది. ఉపవాస ప్రార్థనకు వచ్చిన పెద్దలు ఆమె తలమీద చేతులుంచి ప్రార్థించారు. అంతవరకు మంచిదే. తరువాత ఒకాయన, "విశ్వాసం గట్టిగా ఉంటే ఈ దిగులు నిలవదమ్మా" అన్నారు. అప్పటినుంచి ఆమె డాక్టరు రాసిచ్చిన మాత్రల అట్టను బైబిలు జిప్పు కవరు లోపలి అరలో దాచుకుంటోంది. భర్తకు తెలుసు, అత్తగారికి తెలియదు. ఆ మాత్రల గుణం కనిపించడానికే కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా ఎవరైనా చూస్తారన్న భయంతో ఆమె ఒకటి రెండు పూటలు మానేస్తోందని తెలిసి నాకు చాలా బాధ కలిగింది.

గుంటూరు క్రైస్తవులకు ఈ బిడియం తగదు. 1883లో ఇక్కడికి వచ్చిన అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రిలో పురుడు పోసుకోవడం విశ్వాసానికి లోటని మా ఇంట్లో పెద్దవాళ్లెవరూ అనుకోలేదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారైతే మానసిక రోగితో పాటు కుటుంబసభ్యులను కూడా ఆసుపత్రిలోనే ఉంచుకొని చికిత్స చేసే పద్ధతిని ఎంతోకాలం కిందటే పాటించారు. ఒంటికి వైద్యం ఒప్పుకున్న సంఘం మనసు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వెనకాడాలి?

మనసు లోతుల్లోని భావాలను మాటల ద్వారా వెలికితీసే మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ సంగతి నీవు తప్పక ఎత్తుతావు. ఆయన 1927లో మతాన్ని భ్రమ అంటూ పుస్తకం రాసినమాట నిజమే. కాని మరుసటి ఏడాదే దానికి జవాబు రాసిన ఆస్కార్ ఫిస్టర్ జ్యూరిక్‌లో పాస్టరు, మనోవిశ్లేషణ చేసినవాడు, పైగా ఫ్రాయిడ్‌కు ఆప్తుడు. ఆ వాదం తరువాత కూడా వారి స్నేహం చెడలేదు.

నా మనసుకు మరింత దగ్గరైనవాడు ఆంటన్ బాయిసెన్. అమెరికాలో పాస్టరుగా పనిచేసిన ఈయన 1920లో మతి చలించి ఆసుపత్రిలో చేరాడు. కోలుకున్నాక మానసిక ఆసుపత్రిలోనే చాప్లిన్‌గా, అంటే రోగులకు ఆత్మీయంగా తోడుండే పాస్టరుగా, పనికి కుదిరి, 1925 వేసవిలో క్రైస్తవ వేదాంత విద్యార్థులను వార్డులకు రప్పించి, రోగుల పక్కన కూర్చోబెట్టి నేర్పించాడు. గ్రంథాలను చదివినంత శ్రద్ధగా ఈ మనుషులను చదవాలని ఆయన పట్టుదల. మన పాస్టర్ల శిక్షణలో అలాంటి ఒక్క నెల ఉన్నా ఆ సోదరి ఆ మాట వినవలసి వచ్చేది కాదేమో!

దేవుడు తనను శిక్షిస్తున్నాడనీ విడిచిపెట్టాడనీ తలచేవారిలో వేదన ఎక్కువగానూ, దేవుడు తోడున్నాడని ఆనుకొనేవారిలో తట్టుకొనే శక్తి మెరుగ్గానూ కనిపిస్తుందని కెనెత్ పార్గమెంట్ వంటి మనస్తత్వశాస్త్రజ్ఞుల పరిశోధనలు చెబుతున్నాయి. ఇది డాక్టర్లు కూడా ఆలోచించవలసిన మాట. రోగి భక్తిని చూసి నవ్వే డాక్టరు ఆమెకున్న ఒక ఆసరాను తీసేస్తున్నాడు. ఆ పెద్దాయనేమో, తెలియకుండానే, తోడున్న దేవుణ్ణి ఆమె కళ్లకు కోపగించిన దేవుడిగా చేశారు.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం మళ్లీ తీసి చూడు. బదరీవృక్షం కింద కూర్చొని చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత ఒక్క మాటైనా గద్దించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాతో నీళ్లు ఉంచి, తట్టి లేపి తినమన్నాడు. అతను తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి కూడా తినమనే చెప్పాడు. హోరేబు కొండకు ప్రయాణమూ, అక్కడ వినిపించిన దేవుని మెల్లని స్వరమూ ఆ తరువాతి సంగతులు. మన ప్రసంగాలు మాత్రం రొట్టెను దాటేసి నేరుగా స్వరం దగ్గరికి పరుగెడతాయి. వచ్చే నెల యూత్ మీటింగులో వాక్యం నీదే గనుక, దయచేసి ఐదో వచనం దగ్గర కాసేపు ఆగు.

ఇంకొక మాట. ఆ సోదరి వచ్చే గురువారం విజయవాడలో డాక్టరును చూడాలి. భర్తకు ఆ రోజు సెలవు దొరకలేదు. మీ ఇంటావిడ బస్టాండు దగ్గర కలిసి ఆమెకు తోడు వెళ్లగలరేమో అడిగి, బుధవారంలోగా ఫోను చేయి.

నీ మిత్రుడు