డిశ్చార్జి కాగితం తెలుగులో రాసివ్వండి

సంపాదకులకు నమస్కారం.

శుక్లం ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన పెద్దవారి చేతిలో ఒక కవరు ఉంటుంది. అందులో రెండు మూడు చుక్కల మందు సీసాలు, నల్లద్దాలు, ఒక డిశ్చార్జి కాగితం. రోజుకు ఎన్నిసార్లు మందు వేయాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో, ఏం జరిగితే పరుగెత్తుకు రావాలో అన్నీ ఆ కాగితంలోనే ఉంటాయి. చాలాచోట్ల అది ఇంగ్లిష్‌లో ఉండడం వల్ల చదవాల్సిన మనిషికి అక్కరకు రావడం లేదు. మన దేశంలో 50 ఏళ్ళు దాటినవారి అంధత్వానికి 66.2 శాతం కారణం శుక్లాలేనని 2015-19 జాతీయ సర్వే తేల్చింది. కాబట్టి ఈ ఆపరేషన్లు ఇంకా పెరగాలి. ఎక్కువమందికి ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోతాయి కూడా. అయితే తర్వాత చూపులో వచ్చే మార్పుల్లో ఏది మామూలో, ఏది ప్రమాదమో చెప్పేవారు లేక కొందరు ఊరికే భయపడుతున్నారు, కొందరు భయపడాల్సిన చోట ఊరుకుంటున్నారు. ఈ రెండు రకాలవారి కోసమే ఈ లేఖ.

ముందుగా కంటి లోపల చీము పట్టడం గురించి. సుమారు వెయ్యికి ఒకరికి, మంచి జాగ్రత్తలున్న చోట అంతకంటే తక్కువమందికి వస్తుంది. ఎక్కువగా మూడో రోజు నుంచి వారం లోపు బయటపడుతుంది. తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంది, కన్ను ఎర్రబడుతుంది, రెప్ప వాస్తుంది, చూపు మసకబారుతుంది. నొప్పి లేకుండా చూపు తగ్గడం ఒక్కటే కనిపించేవారూ ఉంటారు. ఇంట్లోవాళ్ళు ఒక్క మాట పట్టుకుంటే చాలు: ఆపరేషన్ అయిన కంటికి చూపు రోజురోజుకూ మెరుగవ్వాలి. నిన్న గోడమీది క్యాలెండర్లో కనిపించిన తేదీ ఇవాళ కనిపించడం లేదంటే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆదివారం వెళ్ళిపోనీ, సోమవారం చూద్దాం అనుకునే జబ్బు కాదిది. దీనికి వైద్యం కంటి లోపలికి నేరుగా ఇచ్చే ఇంజక్షన్లు. సాధారణంగా రెండు యాంటీబయాటిక్‌లు: వాంకోమైసిన్ 1 మిల్లీగ్రాము, సెఫ్టాజిడైమ్ 2.25 మిల్లీగ్రాములు, ఒక్కొక్కటి 0.1 మిల్లీలీటరులో. చూపు మరీ పడిపోతే లోపలి జిగురును కూడా తీసి శుభ్రం చేస్తారు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు అంత లోపలికి తగినంత చేరవు. పైగా అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టు కనిపించి, లోపల చీము పెరుగుతూనే ఉంటుంది.

ఈ విషయంలో ఆసుపత్రుల బాధ్యత చాలా పెద్దది. కత్తి పెట్టేముందు క్రిములను చంపే 5 శాతం పోవిడోన్ అయోడిన్ కంట్లో వేసి కనీసం మూడు నిమిషాలు ఆగాలి. తొందరలో ముప్పై సెకన్లకే కడిగేస్తే ప్రయోజనం పోతుంది. చివర్లో కంటి లోపల, నల్లగుడ్డు వెనకనున్న ముందు గదిలోకి మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించే పద్ధతి మన దేశంలో మంచి ఫలితం ఇచ్చింది. కంట్లో వాడే ద్రావణం బ్యాచ్ నంబరు ప్రతి రోగి కేసు షీటులోనూ ఉండాలి. 2016లో హైదరాబాద్‌లో ఒకే విడతలో ఆపరేషన్ అయినవారిలో కొందరు చూపు కోల్పోయినప్పుడు వేలు చూపించింది ఆ ద్రావణం వైపే. ఒకే రోజున ఇద్దరికి కన్ను ఎర్రబడితే మూడోవారు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా, ఆ బ్యాచ్ వాడినవారందరినీ పిలిపించి చూడాలి.

ఇంటి దగ్గర జరిగే పొరపాట్లు వేరు. చలవ చేస్తుందని నందివర్ధనం పూలు కంటి మీద పెట్టడం, తల్లిపాలో తేనో ఆముదమో చుక్క వేయడం మన ఊళ్ళలో పోలేదు. మానని గాటు ఉన్న కంటికి ఇవి క్రిములను చేతికిచ్చి పంపడమే. మరోవైపు పప్పు తింటే చీము పడుతుందని వృద్ధులకు నెల రోజులు చారన్నం పెడతారు. చీము క్రిముల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. పప్పు, గుడ్డు, కూర అన్నీ పెట్టండి. అదుపులో ఉంచాల్సింది షుగరు.

ఇక చుక్కల సంగతి. సీసా మూత తీసేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సీసా మొన రెప్పకు తగలకూడదు. కింది రెప్పను కాస్త లాగి ఒక్క చుక్క వేస్తే చాలు, రెండోది బుగ్గమీదికి కారిపోయేదే. రెండు మందులకు మధ్య కనీసం ఐదు నిమిషాలు ఉండాలి. వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు, ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ సీసాలో మందు అడుగున పేరుకుంటుంది, కాబట్టి ప్రతిసారీ బాగా కుదపాలి. కుదపకుండా వేస్తే మొదటి వారమంతా పలచని నీళ్ళే కంట్లో పడతాయి. ఈ మందును సాధారణంగా మొదటి వారం రోజుకు ఆరుసార్లతో మొదలుపెట్టి, వారానికొకటి తగ్గిస్తూ ఆరు వారాల్లో ఆపుతారు. కన్ను బాగుందని పదో రోజున మానేస్తే లోపలి వాపు తిరగబెడుతుంది, వెలుతురు చూడలేకపోతారు. బాగా పనిచేసిందని అదే సీసాను నెలల తరబడి కొనుక్కుని వేసుకుంటే కంట్లో ప్రెషర్ పెరిగి నీటికాసులు (గ్లకోమా) వస్తాయి. ఆ నష్టం నొప్పి లేకుండా జరుగుతుంది, పోయిన చూపు తిరిగి రాదు. చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు అమ్మే మందుల షాపుల మీద ఔషధ నియంత్రణ అధికారులు దృష్టి పెట్టాలి.

భయపడనక్కర్లేని మార్పులూ కొన్ని ఉన్నాయి. కట్టు విప్పాక తెల్లపంచె నీలిమందు పెట్టినట్టు కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి పసుపురంగు తిరిగిన శుక్లం వడకట్టిన నీలిరంగు ఇప్పుడు నేరుగా లోపలికి వస్తోంది. కొన్ని వారాల్లో మెదడు దీనికి అలవాటు పడుతుంది. రాత్రిపూట లారీ లైట్ల చుట్టూ వలయాలు, పక్కనుంచి వెలుగు పడినప్పుడు మెరుపు గీతలు, కణత వైపు నెలవంకలాంటి నల్లని నీడ కూడా కొందరికి కనిపిస్తాయి. దేవుడిచ్చిన లెన్సు సుమారు 9 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగైదు మిల్లీమీటర్ల మందం. మనం పెట్టేది 6 మిల్లీమీటర్ల పలచని బిళ్ళ. పక్కనుంచి వచ్చే వెలుగు దాని అంచుకు తగిలి చెదురుతుంది. ఆ అంచును పదునుగా, చతురస్రంగా చేసింది వెనక పొర మసకబారకుండా కణాలను ఆపడానికి. ఒక మేలు కోసం ఈ చిన్న ఇబ్బంది ఓర్చుకోవలసి వస్తోంది. ఎక్కువమందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. దూరం, దగ్గర రెండూ కనిపించేలా చేసిన మల్టీఫోకల్ లెన్సుతో వలయాలు మరింత ఎక్కువ. రాత్రిళ్ళు బండి నడిపేవారికి ఆ మాట లెన్సు ఖరీదు చెప్పేటప్పుడే చెప్పాలి, ఆపరేషన్ అయ్యాక కాదు.

ఒకటి రెండేళ్ళ తర్వాత చూపు మెల్లగా మసకబారితే 'శుక్లం మళ్ళీ వచ్చింది' అంటారు. తీసేసిన శుక్లం మళ్ళీ రాదు. లెన్సును నిలబెట్టడానికి వదిలిన పలచని సంచి వెనక గోడ మీద మిగిలిన కణాలు పెరిగి పొరలా కమ్ముతాయి. యాగ్ లేజర్‌తో దానికి చిన్న కిటికీ తెరిస్తే సరిపోతుంది. కోత లేదు, కట్టు లేదు, పట్టేది కొన్ని నిమిషాలే. తర్వాత గంటసేపు కూర్చోబెట్టి ప్రెషర్ చూసి పంపాలి. ఒక హెచ్చరిక మాత్రం తోటి వైద్యులకూ చెబుతున్నాం: రోగి ఫిర్యాదు మొదటి రోజు నుంచీ ఉన్న వలయాల గురించే అయితే తొందరపడి లేజర్ చేయకండి. సంచికి రంధ్రం పడ్డాక లెన్సు మార్చడం చాలా కష్టమవుతుంది.

నెలా రెండు నెలలకు మధ్యలో, బాగున్న చూపు నడిబొడ్డున మసకబారితే అది కంటి వెనకనుండే రెటీనా పొర మధ్యభాగంలో నీరు చేరడం కావచ్చు. షుగరున్నవారికి ఎక్కువ. ఒక కన్ను మూసి కిటికీ ఊచలు చూస్తే నిటారుగా ఉండాల్సినవి వంకరగా కనిపిస్తాయి. రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్‌లో తెలిసిపోతుంది, ఎక్కువమందికి చుక్కలతోనే తగ్గుతుంది. కొత్తగా నల్లని ఈగలు గుంపుగా తేలడం, చీకట్లో మెరుపులు, ఒక పక్కనుంచి తెర దిగినట్టు ఉండడం ఇంకో సంగతి. రెటీనా ఊడుతోందేమోనని అనుమానించాలి. ఆపరేషన్ అయి మూడేళ్ళయినా సరే, పెద్ద మైనస్ అద్దాలు వాడినవారు మరీ ముఖ్యంగా, అదే రోజు రెటీనా వైద్యుణ్ణి కలవాలి. మధ్యభాగం ఊడకముందే అతికిస్తే చూపు నిలుస్తుంది.

పొద్దున లేవగానే మసక, మధ్యాహ్నానికి తేట పడడం నల్లగుడ్డు (కార్నియా) వాపుకు గుర్తు. రాత్రంతా రెప్ప మూసి ఉండడంతో నీరు ఆవిరి కాదు. నల్లగుడ్డు లోపలి పొరలోని కణాలు పోతే తిరిగి పుట్టవు. శుక్లం రాయిలా గట్టిపడ్డాక పగలగొట్టడానికి ఎక్కువ శక్తి వాడాల్సి వచ్చి, ఆ కణాలు ఎక్కువగా పోతాయి. 'ముదరనివ్వండి, చలికాలం రానివ్వండి' అన్న పాత సలహా ఈ నష్టానికి దారి. అలాగే ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ మాత్ర వాడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మాత్రతో కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర వదులై ఆపరేషన్ మధ్యలో జారవచ్చు. ముందే తెలిస్తే సర్జన్ సిద్ధంగా ఉంటారు.

అద్దాల గొడవ కూడా చాలా ఇళ్ళలో ఉంది. మామూలు లెన్సు దూరానికే సరిపెడతారు, పేపరు చదవడానికి ప్లస్ రెండున్నర దాకా అద్దాలు కావాలి. శుక్లం ముదిరేటప్పుడు చత్వారం తగ్గినట్టనిపించి అద్దాలు లేకుండా చదివినవారు ఆపరేషన్ పాడైందనుకుంటారు. కంటి పొడవు కొలతలో ఒక మిల్లీమీటరు తప్పితే పవర్ రెండున్నర నుంచి మూడు పాయింట్లు తేడా వస్తుంది. అందుకే రెండు కళ్ళూ కొలిచి పోల్చి చూడాలి. కొత్త అద్దాల చీటీ నెల నుంచి ఆరు వారాలు దాటాకే.

రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలను, శిబిరాలు నడిపే సంస్థలను మేము కోరేది చిన్నది. డిశ్చార్జి కాగితం తెలుగులో, వేలిముద్రంత అక్షరాల్లో ఉండాలి. ఏ కన్ను, ఏ తేదీ, ఏ లెన్సు, ఎంత పవర్ అన్న స్టిక్కరు దాని మీదే అంటించాలి. మర్నాడు, వారానికి, నెలకు చూసే తేదీలు రాయాలి. శిబిరం పెట్టిన ఊరికి ఆ తేదీల్లో వైద్య బృందమే వెళ్ళాలి. తోడు లేని ముసలమ్మ రెండు బస్సులు మారి రావాలనడం సరికాదు. కాగితం పైన ఎర్ర సిరాతో నాలుగు మాటలు: నొప్పి పెరిగితే, చూపు తగ్గితే, మెరుపులు వస్తే, తెర దిగితే. ఆ కిందనే రాత్రి పన్నెండింటికి కూడా మనిషి ఎత్తే ఫోన్ నంబరు.

ఇట్లు,
కంటి వైద్య రంగంలో పనిచేస్తున్న కొందరు
రాజమహేంద్రవరం