ఎగ్మూర్ వెళ్ళొచ్చాను

చిరంజీవి కిరణ్‌ని ఆశీర్వదించి అమ్మ రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరం ఎందుకు, ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. ఆదివారం ఫోను రెండు నిమిషాల్లో పెట్టేస్తున్నావు, అందులో ఏం చెప్పను? పనిగట్టుకుని రాయాల్సిన విషయమేమీ లేదు. ఈమధ్య చూసినవీ విన్నవీ నీకు చెప్పాలనిపించింది, అంతే.

ధనుర్మాసం కదా, ఐదింటికే లేస్తున్నాను. ఎదురింటి మామి ముగ్గు మధ్యలో పేడముద్ద పెట్టి గుమ్మడిపువ్వు గుచ్చుతుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నా అది మన గొబ్బెమ్మేనని మొన్నటిదాకా తట్టలేదు. ఆ మాట చెప్పిన దగ్గర్నుంచి నాకూ ఒక పువ్వు తెచ్చిస్తోంది. ఆవిడ ఇప్పుడు త్యాగరాజస్వామి పంచరత్నాలు నేర్చుకుంటోంది. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. మాటలకి అర్థం చెప్పమని నా దగ్గరికి వస్తుంది. పుట్టినప్పట్నుంచి విన్న మాటలే, తీరా విడమరిచి చెప్పబోతే నోరు పెగల్లేదు. నాన్నగారి పాత నిఘంటువు అటక మీంచి దింపాను. రోజుకి రెండు చరణాలు, ఆవిడకంటే నేనే ఎక్కువ నేర్చుకుంటున్నాను.

గూడూరు పెళ్ళిలో సుజాత పిన్ని నీ ఆఫీసు సంగతి ఏదో అంది. పెళ్ళిళ్ళలో సవాలక్ష అంటారు. నేను పట్టించుకోలేదు.

బుజ్జమ్మత్తా నేనూ ఎగ్మూర్ మ్యూజియానికి వెళ్ళాం. శుక్రవారం సెలవని తెలియక ఒకసారి తిరిగొచ్చి, శనివారం మళ్ళీ వెళ్ళాం. కృష్ణ ఒడ్డు అమరావతి స్తూపం రాళ్ళు ఇక్కడే ఉన్నాయి నాన్నా! 1845లో ఇలియట్ దొర తవ్వించి మద్రాసుకి చేర్పించాడు. ఏళ్ళ తరబడి ఆరుబయట పడి ఉండి, 1859లో కొన్ని లండన్ వెళ్ళిపోయాయి. ఇక్కడున్న వాటిలో గుండ్రటి రాయి ఒకటుంది, నలగిరి ఏనుగుది. ఎడమవైపు అది మదమెక్కి జనం మీద పడుతోంది, కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. రెండు ఘడియల కథ ఒకే చక్రంలో. మేడ కిటికీల్లోంచి తలలు తొంగిచూస్తున్నాయి. కింద ఒకావిడ హడలిపోయి పక్కనున్న మనిషిని కరుచుకుపోయింది. బుజ్జమ్మత్త రెండుసార్లు పిలిచినా నేను ఆవిడ ముందునుంచి కదల్లేదు.

బయటికి వస్తే పక్కనే కన్నెమర లైబ్రరీ. దాన్ని చూడగానే నీకెప్పుడూ చెప్పని సంగతి గుర్తొచ్చింది. 1996. నీకు నాలుగేళ్ళు. నాన్నగారి ప్రెస్సులో చేత్తో అక్షరాలు కూర్చే పని పోయింది, కంప్యూటర్ మీద కూర్చే డీటీపీ వచ్చేసింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. రోజూ ఎనిమిదింటికి క్యారేజీ పట్టుకుని బయల్దేరేవారు, ఆరింటికి వచ్చేవారు. అన్నం ఎప్పటిలాగే తినేవారు, నీతో ఏనుగాట ఆడేవారు. చొక్కాలు ఉతికేది నేను కదా. సీసం అక్షరాలు పట్టిన చేతులతో జేబు తడుముకుంటారని జేబు అంచు ఎప్పుడూ నల్లగా ఉండేది, కిరసనాయిలు పెట్టి రుద్దినా పోయేది కాదు. ఒకరోజు చూస్తే మరక లేదు. మర్నాడూ లేదు. వారం గడిచింది, జేబు మల్లెపువ్వులా ఉంది. నాకు అర్థమైపోయింది. అయినా అడగలేదు. అడిగితే ఆయన చిన్నబోతారనుకున్నాను. చెబితే నేను దిగులుపడతానని ఆయన. ఇరవై మూడు రోజులు ఇద్దరం ఒకే కంచం దగ్గర కూర్చుని ఎవరి భయం వాళ్ళం మింగాం. చివరికి నువ్వే, 'నాన్న చెయ్యి తెల్లగా అయింది' అన్నావు. ఆయన ఏడ్చేశారు. పొద్దస్తమానం కన్నెమరలో కూర్చునేవారట. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి పంపాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి కదా, తను కూర్చిన పుస్తకాలే అడిగి తెప్పించుకుని, పేజీలు తిప్పుతూ ఉండేవారట. ఆ మర్నాడే రాఘవ మావయ్య దగ్గరికి వెళ్ళాం, నెలలోపు పని దొరికింది. ఆ ఇరవై మూడు రోజులూ నేను అడగకపోవడం తప్పు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను.

ఉద్యోగం ఉందా, లేదా? లేకపోతే లేదని చెప్పు. అద్దెకి ఎవరి దగ్గరా చెయ్యి చాచకు. క్రెడిట్ కార్డు మీద అసలు గీకకు, ఆ వడ్డీ మనిషిని తినేస్తుంది. రాత్రి పదకొండింటికి నూడుల్స్ తిని పడుకోకు. పొద్దున్నే లేచి స్నానం చెయ్యి, ఆఫీసు లేదని గడ్డం పెంచుకు కూర్చోకు. ఉపన్యాసం చెప్పకూడదనే కలం పట్టుకున్నాను, చూడు.

కందిపొడి, సున్నుండలు పార్సిల్ చేశాను. పొడిలో ఇంగువ ఎక్కువే వేశాను. బెంగళూరు చలికి ఆ బూడిదరంగు స్వెటర్ వేసుకుంటున్నావా, మోచేతి దగ్గర చిరిగింది పారేయకు, తీసుకురా, కుడతాను. భోగికి ముందురోజు బృందావన్ రైలెక్కు. నాన్నగారు సెంట్రల్‌కి వస్తారు. చొక్కా సంగతి నీకు రాశానని ఆయనకి తెలియనివ్వకు. మధ్యాహ్నం రెండు దాటాక ఆయన నిద్రపోతారు, అప్పుడు ఫోన్ చెయ్యి, నేను వంటింట్లోనే ఉంటాను.

అమ్మ